సేనాని గంట, అన్నయ్య గొంతు

జూన్ 3, సోమవారం

ఈ రోజు నుంచి ఉపవాసం. తిండి మానడం కాదు, అది నా వల్ల అయ్యే పని కాదు. కబుర్లు మానడం. శుక్రవారం ‘తారాదుర్గం’ తొమ్మిదో భాగం, అంటే ఆఖరి భాగం, విడుదల. కళ్ళజోళ్ళ దుకాణంలో నాకు ఆదివారం తప్ప సెలవు లేదు కాబట్టి నా టికెట్ ఆదివారం మ్యాట్నీకి. అప్పటిదాకా ముగింపు నా చెవిన పడకూడదు. అందుకని అభిమానుల గ్రూపు మూసి పెట్టాను. ఎవరు ఏ సందేశం పంపినా తెరవనని ప్రకటించాను. గ్రూపు పెట్టినవాణ్ణి గనక ప్రకటన కాస్త గంభీరంగానే రాశాను. చివర్లో ‘బతికుంటే మళ్ళీ కలుద్దాం’ అని కూడా పెట్టాను. చాలామంది దండం బొమ్మలు పెట్టారు.

గ్రూపులో రాయకుండా వారం గడపడం కష్టం. అందుకే ఈ డైరీ కొన్నాను. ఇందులో నన్ను ఖండించేవాళ్ళు ఉండరు. మొదటి పేజీకే కాస్త చప్పగా అనిపిస్తోంది.

జూన్ 4, మంగళవారం

అన్నయ్య గురించి రాయకూడదనుకున్నాను. రాయను.

కానీ న్యాయం కోసం ఒక్క సంగతి రాయాలి. అన్నయ్య ‘ఒంటిరెక్క’ సినిమాల మనిషి. ఆ వీరుడికి ఒక భుజానికే రెక్క మొలిచింది. ఎగిరితే తిన్నగా పోలేడు, గిర్రున తిరుగుతాడు. అలాంటివాడు మా సేనానిని గెలుస్తాడని అన్నయ్య చిన్నప్పటి నుంచీ వాదన. మా సేనాని దగ్గర నీలిగంట ఉంది. అది మోగితే కాలం ఆగిపోతుంది. ఇక గెలుపు ఎవరిదో పసిపిల్లాడైనా చెబుతాడు.

అన్నయ్య చెప్పడు. అతను పూల టోకు మార్కెట్లో ధరలు పిలుస్తూ వేలం పాడతాడు. పాట ఎత్తుకున్నాడంటే షెడ్డు చివర పడుకున్న కుక్క కూడా లేచి ధర చెబుతుందని అక్కడ అంటారు. ఆ గొంతుతో నాతో వాదిస్తాడు. రెండు నెలల కిందట నా గ్రూపులోకే వచ్చి, అందరి ముందూ ఇలా రాశాడు: “గంట మోగించాలంటే మీవాడు చెయ్యి ఎత్తాలి. ఎత్తేలోపు మావాడు నాలుగు పీకి, ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటాడు.” మూడో భాగంలో సేనాని చెయ్యి కదపకుండా మనసుతోనే గంట మోగించాడని నేను సాక్ష్యాలతో రాశాను. దానికి అతను, “అది సేనాని జ్వరంలో కన్న కల” అన్నాడు. నా గ్రూపులో, నా మనుషులు, అన్నయ్య మాటకు పడీ పడీ నవ్వారు.

‘ఇతర లోకాలకు ప్రచారం చేయువారు తొలగింపబడుదురు.’ నిబంధన నేను రాసిందే. అన్నయ్యను తీసేశాను. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు.

అమ్మ ఇవాళ మళ్ళీ ఎత్తింది. “అన్నదమ్ములు పొలం కోసం కొట్టుకుంటారు, ఇల్లు కోసం కొట్టుకుంటారు. మీరేంట్రా, లేని లోకం కోసం మాటలు మానుకున్నారు?”

తారాదుర్గం లేని లోకం కాదనీ, దానికి పటాలూ పంచాంగమూ ఉన్నాయనీ వివరించాను. “సంబంధం చూడ్డానికొచ్చిన వాళ్ళకి కూడా ఇలాగే వివరించావు” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు నలభై మూడేళ్ళు. ఇక్కడ రాసుకుంటే తప్ప గుర్తుకు రావడం లేదు.

సాయంత్రం అన్నయ్య దగ్గర్నుంచి గొంతు సందేశం వచ్చింది. రెండు నెలల తర్వాత, సరిగ్గా ఈ వారంలోనే ప్రేమ పుట్టుకొచ్చింది కాబోలు. తెరవలేదు.

జూన్ 5, బుధవారం

ఇంకో గొంతు సందేశం. మొదటిదానికంటే పొడవు. ముగింపు వివరంగా చెప్పి ఉంటాడు. తెరవలేదు.

తెరిచి, సగం విని, ఆపేస్తే? వద్దు. నా సంగతి నాకు తెలుసు.

జూన్ 6, గురువారం

వదిన దుకాణానికి వచ్చింది.

నేను వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్నాను. తలుపుకున్న గాజుపలకలోంచి ఆమె కనిపించింది. నిన్న కొన్ని చోట్ల ముందస్తు ఆటలు పడ్డాయి. అన్నయ్య ఎక్కడో ముగింపు సంపాదించి, నేను సందేశాలు తెరవడం లేదు గనక వదిన నోట పంపించాడని నాకు వెంటనే అర్థమైపోయింది. ఇలాంటివి నాకు చాలా తొందరగా అర్థమవుతాయి.

ఓనరును లోపలికి పిలిచి, “నేను లేనని చెప్పండి సార్” అన్నాను.

“అరగదీసే చప్పుడు వీధిలోకి వినబడుతుంటే లేవని ఎలా చెప్పనయ్యా?”

మిషను ఆపేశాను.

“మా మరిది ఉన్నాడాండీ?” వదిన గొంతు.

“ఇప్పుడే అలా బయటికెళ్ళాడమ్మా. ఏమైనా చెప్పమంటారా?”

“వద్దండీ, తనకే చెప్పాలి. ఒక్కసారి ఫోన్ చెయ్యమనండి.”

తనకే చెప్పాలట. నేను అనుకున్నదే. ఆమె కాసేపు ఫ్రేముల అర దగ్గర నిలబడి, వేటినీ చూడకుండా వెళ్ళిపోయింది. మధ్యలో ఆపినందుకు మిషన్లో ఉన్న అద్దం అంచు విరిగింది.

“మీ వదిన మొహం అదోలా ఉందయ్యా” అన్నారు ఓనరు.

అయితే ముగింపు విషాదమే. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇంత తెలిసిపోయింది.

జూన్ 7, శుక్రవారం

విడుదల రోజు. చెవుల్లో దూది పెట్టుకుని బస్సెక్కాను. ముందు సీట్లో ఇద్దరమ్మాయిలు చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటున్నారు. ఒకామె గంట మోగించినట్టు చెయ్యి ఊపింది. అక్కడే దిగిపోయి దుకాణం దాకా నడిచాను. ఆలస్యమైనందుకు చీవాట్లు పడ్డాయట. దూది వల్ల వినబడలేదు.

పొద్దున అన్నయ్య వరసగా ఫోన్ చేశాడు. తీయలేదు. తర్వాత గొంతు సందేశం. మొదటి ఆట చూసి ఆనందం పట్టలేకపోతున్నాడు.

జూన్ 8, శనివారం

ఇవాళ ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. గెలిచాను.

ఏమీ తోచడం లేదు.

జూన్ 9, ఆదివారం

సినిమా చూశాను. దాని గురించే రాయాలని పొద్దున పెన్నులో సిరా కూడా నింపుకున్నాను.

సేనాని ఆఖర్న నీలిగంటను సముద్రంలో పారేస్తాడు. కాలాన్ని ఆపినప్పుడల్లా దుర్గంలో పిల్లలు ఎదగకుండా ఉండిపోతున్నారని అతనికి తెలుస్తుంది. గంట లేకుండా ఉత్త చేతులతో వెళ్ళి ఓడిపోతాడు. నేను ఏడ్చాను. ముక్కు చీదుకుంటుంటే వెనకవాళ్ళు ‘ష్’ అన్నారు.

బయటికొచ్చి బళ్ళు పెట్టేచోట నిలబడ్డాను. జనం ముగింపు గురించి తిట్టుకుంటూ వస్తున్నారు. ఇక ఎవరు ఏం చెప్పినా భయం లేదు గదా అని ఫోన్ తీశాను. ముందు అన్నయ్యవే తెరిచాను. గ్రూపులో వందలకొద్దీ సందేశాలుండగా అవే ఎందుకు తెరిచానో అడగడానికి ఇక్కడ ఎవరూ లేరు.

మంగళవారంది: “ఒరేయ్, నీ ఉపవాసం సంగతి అమ్మ మీ వదినకి చెప్పిందట. భయపడకు, ముగింపు నాకూ తెలీదు. శుక్రవారం పొద్దుటాటకి రెండు టికెట్లు తీశాను. నీ సేనాని సినిమాకే, ఒంటిరెక్క వాణ్ణయ్యుండి కూడా. సెలవివ్వకపోతే మీ ఓనరుతో నేను మాట్లాడతా.”

బుధవారంది: “విన్నావో లేదో. చెప్పేస్తున్నా. గొంతులో కాయ ఉందట. శనివారం పెద్దాస్పత్రిలో చేరాలి, సోమవారం కోస్తారు. తర్వాత గొంతు ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో ఉండదో వాళ్ళే చెప్పలేమంటున్నారు. అమ్మకి చెప్పకు. ఇంటికొద్దామంటే నా గొంతు విని పట్టేస్తుంది. అందుకని ముందే నీతో ఒకసారి తనివితీరా పోట్లాడదామని. అంతే.”

శుక్రవారంది. వెనకంతా జనం గోల. “హాలు బయటున్నా. లోపలికి వదుల్తున్నారు. సరే, రానట్టున్నావు. పక్క సీట్లో నా సంచీ పెడతాలే.”

మూడింట్లోనూ గొంతు బొంగురుగా ఉంది. అయినా అన్నయ్య గొంతే. ‘అంతే’ అన్న చోట వేలం ముగించినట్టే ముగించాడు.

ఆస్పత్రికి వెళ్ళేసరికి రోగుల్ని చూసే వేళ దాటిపోయింది. వదినకు ఫోన్ చేస్తే, “మందిచ్చి పడుకోబెట్టారు. పొద్దున రా” అంది. ఫోన్ పెట్టేసింది.

అతనికి ఏమైనా అయితే. ఇక రాయలేను.

జూన్ 10, సోమవారం

వెళ్ళేసరికి లోపలికి తీసుకెళ్ళిపోయారు.

దారిలో అమ్మకు చెప్పాను. “నీకు తెలిసీ నా దగ్గర దాచావా?” అంది. తెలియదన్నాను. ఎందుకు తెలియదో కూడా చెప్పాల్సి వచ్చింది. బస్సు దిగేదాకా అమ్మ కిటికీలోంచే చూసింది. ‘సినిమా కోసం’ అన్న మాట అంత చిన్నగా ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు.

వదిన నడవాలో బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

“ఆ రోజు నువ్వు లోపలే ఉన్నావని తెలుసు” అంది. “మిషను ఆగడం వినపడింది.”

“వదినా...”

“మీ అన్నయ్యకి చెప్పలేదులే. బయటికెళ్ళాడట అన్నాను.”

ఆమె నాలుగు తిట్టుంటే హాయిగా ఉండేది.

మధ్యాహ్నం బయటికి తెచ్చారు. ప్రాణానికి ఏం లేదన్నారు. కాయ ముక్క పరీక్షకు వెళ్ళింది. మూడు వారాలు గొంతు విప్పకూడదు, గుసగుసలు కూడా వద్దు. తర్వాత విప్పి చూస్తేగానీ ఎంత మిగిలిందో తెలియదట. ఎంత బాగా వచ్చినా వేలానికి మాత్రం ఇక పనికిరాదని డాక్టరు ముందే చెప్పేశాడు.

నేను గ్రూపులో అతని నోరు మూయించాను. ఇక్కడ డాక్టరు మూయించాడు. మా ఇద్దర్లో డాక్టరు కారణమే కాస్త మెరుగు.

జూన్ 11, మంగళవారం

అన్నయ్య లేచి కూర్చున్నాడు. వదిన తుడిచి రాసే పలకొకటి కొనిచ్చింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అన్నయ్య నన్ను పైకీ కిందికీ చూసి, పలక మీద రాసి తిప్పాడు: ‘చూశావా?’

తలూపాను. ఏడుపొచ్చింది. ‘ముందు సినిమా సంగతి చెప్పు’ అని రాశాడు. ‘నాకు నచ్చింది.’

“నాకూ నచ్చింది” అన్నాను.

అతను తలాడించాడు. నేనూ తలాడించాను. పలక తుడిచాడు. ఏదో రాయబోయి ఆగాడు. ఒప్పుకున్న తర్వాత ఇక రాయడానికేముంది. కాసేపటికి పలక దిండు పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చూసే వేళ అయిపోయేదాకా కూర్చున్నాను, అతను ఇటు తిరగలేదు.

వచ్చేటప్పుడు వదిన చెప్పింది. మార్కెట్ వాళ్ళు పొద్దున వచ్చి, మైకు పెట్టి పాడొచ్చులే అన్నారట. ‘మైకులో పాడేది వేలం కాదు, ప్రకటన’ అని రాసిచ్చాడట. అప్పట్నుంచీ ఎవరితోనూ సరిగా లేడట.

జూన్ 12, బుధవారం

“నిన్న మర్యాదకి అన్నాను గానీ, ఆలోచిస్తే సినిమా చెత్త” అన్నాను లోపలికి వెళుతూనే.

అన్నయ్య ఇటు తిరిగాడు.

“ఎనిమిది భాగాలు ఆ గంటని చూపించి, ఆఖర్న నీళ్ళలో పారేయిస్తారా? అది సేనానా, చెత్తబండివాడా?”

పలక అందుకున్నాడు. ‘నీకు సినిమా చూడ్డం రాదు’ అని రాశాడు. తుడిచి, ‘పిల్లల సీను చూశావా, నిద్రపోయావా’ అని రాశాడు. పిల్లల సీను అనవసరం అన్నాను. ఆ సీనులోనే నేను చొక్కా తడుపుకున్నాను. అన్నయ్య మొహం ఎర్రబడింది. రాసేకొద్దీ అక్షరాలు పెద్దవై, చివరికి పలక నిండా ‘మూర్ఖుడా’ ఒక్కటే పట్టింది.

నర్సమ్మ వచ్చి, “ఆయన్ని రెచ్చగొట్టకండి” అని నన్ను బయటికి పంపింది. తలుపు మూస్తుంటే తిరిగి చూశాను. ఇంకా రాస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం భోజనం మొత్తం తిన్నాడని వదిన ఫోన్ చేసింది.

జూన్ 14, శుక్రవారం

కాయ ముక్క పరీక్ష వచ్చింది. చెడ్డది కాదట. అమ్మ ఆస్పత్రి నడవాలోనే కూలబడింది. నేను ఆనందంలో లోపలికెళ్ళి నేపథ్య సంగీతం కూడా దండగ అన్నాను.

జూన్ 16, ఆదివారం

అన్నయ్యను ఇంటికి తీసుకొచ్చారు.

అతన్ని మళ్ళీ గ్రూపులో చేర్చుకుందామని ప్రతిపాదించాను. నాతోపాటు గ్రూపు నడిపే, ‘గురుగ్రహం’ అని పేరు పెట్టుకున్నాయన ఒప్పుకోలేదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, నిబంధన అంటే ప్రాణం. తొలగింపబడినవారు లిఖితపూర్వక క్షమాపణ ఇవ్వాలట. ఆ నిబంధన కూడా నేను రాసిందేనట. చూసుకున్నాను, నాదే. ‘ఇవ్వవలెను’ అని కూడా ఉంది.

తీసేసినవాడే క్షమాపణ చెబితే చాలదా అని అడిగాను. అలాంటిది నిబంధనల్లో లేదన్నాడు. అందరూ చూసేలా క్షమాపణ రాసి, బాధ్యతలు గురుగ్రహానికి అప్పగించి, గ్రూపులోంచి బయటికొచ్చేశాను. దండం బొమ్మలు ఎవరూ పెట్టలేదు. చూడ్డానికి నేను లేను గనక పెట్టలేదనే అనుకుంటున్నాను.

జూన్ 19, బుధవారం

రోజూ దుకాణం మూయగానే అన్నయ్య ఇంటికి. దారిలో ఆ సినిమాకి తప్పులు వెతకడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పుకోలేను. ఇవాళ సేనాని గంట పారేసే పడవ రంగు బాగాలేదన్నాను. ‘అది రాత్రి. రంగెక్కడ కనబడింది నీకు’ అని రాశాడు. నిజమే. ఒప్పుకోకుండా నిలబడ్డాను.

మాట రాక పాపం అతను ఓడిపోతున్నాడేమోనని, మధ్యలో అతని తరఫు వాదన కూడా నేనే చేస్తున్నాను. “నువ్వేమంటావంటే, గంట పారేయడమే గెలుపంటావు.” అతను తలూపుతాడు. “కాదు, అది చేతగానితనం అంటాన్నేను.” కొడదామని దిండు తీస్తాడు. వదిన నన్ను చూసి, “ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడితే ఆయన్నెందుకు కూర్చోబెట్టావు?” అంది.

జూన్ 24, సోమవారం

ఇవాళ పలక ముట్టుకోలేదు. తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, మార్కెట్ వేళకి చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడట. సేనాని నడక బాగాలేదన్నాను. గోడవైపే చూశాడు. ఒంటిరెక్కను కూడా తిట్టాను. చూడలేదు.

‘గొంతు రాకపోతే’ అన్న మాట ఇంట్లో ఎవరూ అనడం లేదు. నేను ఇక్కడ అంటున్నాను. రాకపోతే నేనేం చెయ్యాలి. ఇన్నేళ్ళుగా ఎవరు నెగ్గుతారని చూసుకున్నాను గానీ, నాకు కావలసింది అతను అరవడమే.

జూన్ 27, గురువారం

పలక తీశాడు. ‘సేనాని నడకకేం తక్కువ’ అని రాశాడు. మూడు రోజులు దాచుకున్నాడన్నమాట. ఇంటికొచ్చి రెండోసారి వడ్డించుకున్నాను.

జూలై 1, సోమవారం

డాక్టరు గొంతు విప్పమన్న రోజు. నాలుగు మాటలు, మెల్లగా, తర్వాత మళ్ళీ మౌనం. ఇంటి దగ్గర అయినవాళ్ళ మధ్యే మొదలుపెట్టమన్నాడట.

ఓనరును బతిమాలి సెలవు పెట్టాను. అన్నయ్య మంచం మీద, వదిన పక్కన, అమ్మ కుర్చీలో, నేను తలుపు దగ్గర. అమ్మ తననే పిలుస్తాడని కుర్చీ ముందుకు లాక్కుంది. వదిన గ్లాసులో నీళ్ళు పట్టుకుని కూర్చుంది.

అన్నయ్య అందరినీ చూశాడు. చెయ్యి ఎత్తి నన్ను రమ్మన్నాడు.

దగ్గరికి వెళ్ళి వంగాను. మొదట గాలే వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుంది. రెండోసారి మాట వచ్చింది. స్టేషను సరిగ్గా దొరకని రేడియోలా ఉంది. షెడ్డు చివరిదాకా పోయే ఆ గొంతు మంచం కొసదాకా కూడా పోలేదు. నా చెవి వరకు వచ్చింది.

“ఒరేయ్. సినిమా నీకు నచ్చింది. నాకు తెలుసు.” ఆగి, మింగి, మళ్ళీ అన్నాడు. “అయినా బాగాలేదనే అను. మానకు.”

నా దగ్గర జవాబు ఉంది. దారి పొడుగునా తయారు చేసుకున్నదే, పడవ గురించి. అది వదిలేసి అతని భుజం మీద తల ఆనించాను. అన్నయ్య నా వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

“ఏమన్నారు?” అంది వదిన. ఆమెకు వినబడలేదు.

మొహం తుడుచుకుని, “సినిమా చెత్తేనని ఒప్పుకున్నాడు వదినా” అన్నాను.

అన్నయ్య పలక అందుకున్నాడు. రాయడానికి కాదు, నా నెత్తి మీద ఒక్కటి వేశాడు. అమ్మ కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది.

నెత్తి ఇంకా నొప్పిగా ఉంది. రేపటికి ఆ సినిమాలో ఇంకో నాలుగు తప్పులు వెతకాలి.